ఆరుగురుంటేనే చెల్లే పాస్

2020 జనవరి. సూరత్‌లో ఉధ్నా మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో నేను టికెటింగ్ పని చూస్తుండేదాన్ని. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా ఆయనకు సూరత్ పక్కనే హజీరాలో ఉద్యోగం రావడంతో పెళ్ళయిన ఏడాదే ఇక్కడికి వచ్చేశాను. ఆఫీసులో తెలుగు మాట్లాడే మేడమ్ ఉందని తెలిసి, వడోద్, పాండేసరా, భేస్తాన్ వైపు నుంచి మన నేత కుటుంబాలవాళ్ళు నేరుగా నా బల్ల దగ్గరకే వచ్చేవారు. ఎక్కువమంది అడిగేది ఊరికి రైలు టికెట్లు. తిరుపతి, షిర్డీ ప్యాకేజీలు అప్పుడప్పుడూ ఉండేవి. విదేశాలకు వెళ్తామని వచ్చినవాళ్ళు తక్కువ. అలా వచ్చినవాళ్ళలో శంకరయ్య అన్న ఒకరు.

శంకరయ్యకు వడోద్‌లో మరమగ్గాల కార్ఖానా ఉండేది. చిన్నప్పుడు కూలీగా వచ్చి, మగ్గం మగ్గం కూడబెట్టి నిలదొక్కుకున్న మనిషి. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో బతికినందువల్ల మామూలు మాట కూడా కేకేసినట్టే మాట్లాడేవాడు. ఆయన వస్తే ఆఫీసులో అందరూ తలెత్తి చూసేవారు. ఆ రోజు వెంట తమ్ముడు సుదర్శన్ కూడా ఉన్నాడు. ఇద్దరివీ ఒకే ఇల్లు, ఒకే కార్ఖానా.

"చెల్లె, ఎండాకాలం సెలవుల దుబాయ్ పోతం. పిల్లలు ఆ ఆటల పార్కులు చూస్తమని ఒకటే లొల్లి. మొత్తం ఏడుగురం. నేను, మా ఇంటామె, మా బిడ్డ నిఖిత. తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిలగాండ్లు. మంచిగ వారం పది రోజులు ఉండేటట్టు చూడు."

థీమ్ పార్క్ టికెట్ అమ్మడం రైలు టికెట్ అమ్మినట్టు కాదు. నేను కాగితం మీద గీసి చెప్పాను. డేటెడ్ టికెట్ అంటే ఫలానా రోజుకే చెల్లుతుంది, ఆ రోజు దాటితే పోయినట్టే, కానీ చవక. ఓపెన్ టికెట్ ధర ఎక్కువ, గడువులోపల ఎప్పుడైనా వెళ్ళవచ్చు. మల్టీ-డే పాస్‌తో ఒకే యాజమాన్యం కింద ఉన్న మూడు నాలుగు పార్కులను వరుసగా కొన్ని రోజులు తిరగవచ్చు. వీటికి పైన ఫాస్ట్ ట్రాక్ అని ఇంకొకటి ఉంటుంది. అది కొన్నవాళ్ళు క్యూలో నిలబడక్కర్లేదు, పక్క దారిలో ముందుకు వెళ్ళిపోతారు.

సుదర్శన్‌కు ఫాస్ట్ ట్రాక్ నచ్చింది. "మేడమ్, మా నలుగురికి అది పెట్టున్రి. పిల్లలు చిన్నోళ్ళు, నిలబడలేరు. అన్నోళ్ళకు మామూలుది చాలు" అన్నాడు.

శంకరయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "మీరు ముందు పోయి ఎక్కితే మేము ఎండల నిలబడి చూడాల్నా? అందరం పోయేదే ఒక్కదగ్గర ఉందామని. చెల్లె, అందరికీ ఒక్కతీరుగ ఉండేది చెప్పు."

అలాంటిదొకటి ఉంది. ఫ్యామిలీ గ్రూప్ పాస్. కనీసం ఆరుగురు పేర్లు ఇవ్వాలి. మల్టీ-డే పాస్, ఫాస్ట్ ట్రాక్ రెండూ కలిసి ఉంటాయి, విడిగా కొన్నదానికంటే బాగా కలిసివస్తుంది. కాకపోతే షరతు గట్టిది. మొదటి రోజు పేర్లున్నవాళ్ళలో కనీసం ఆరుగురు గేటు దగ్గర ఒకేసారి కనబడాలి. అప్పుడే పాస్ మొదలవుతుంది, ఎవరి కార్డు వారికిస్తారు. ఆ తర్వాతి రోజుల్లో ఎవరికి వారు వెళ్ళవచ్చు. మొదటి రోజు ఆ ఆరుగురికి ఒక్కరు తగ్గినా మిగతావాళ్ళను కూడా లోపలికి పంపరు.

నేను ఆ పాస్ వద్దనే చెప్పాను. "పిల్లలకు జ్వరం వచ్చినా, కార్ఖానాలో పని పడి ఇద్దరు ఆగినా మొత్తం పాడవుతుందన్నా. విడివిడిగా ఓపెన్ టికెట్లు తీసుకోండి."

"ఎందుకు ఆగుతం? ఒకల్ని ఇడిసిపెట్టి ఒకలు పోయేది లేదు. గదే రాయి" అన్నాడు శంకరయ్య. బుకింగ్ ఎవరి పేరు మీద ఉంటుందో ఆ మనిషిని లీడ్ నేమ్ అంటాం. లీడ్ నేమ్ కింద ఆయన పేరు, ఆయన ఫోన్ నంబరు రాశాను. తర్వాత ఆయన నా కంప్యూటర్‌లో ఆ పార్క్‌లోని పెద్ద రోలర్ కోస్టర్ వీడియో పెట్టించుకుని, దాన్ని తన ఫోన్‌లో మళ్ళీ వీడియో తీసుకున్నాడు, కూతురికి చూపించడానికి. దానికి ఎత్తు నిబంధన ఉందని, పాపను కొలుస్తారని చెబితే పెద్దగా నవ్వాడు. "మా బిడ్డ మునివేళ్ళ మీద నిలబడన్నా ఎక్కుతది."

మార్చి వచ్చేసరికి లోకం ఎలా మారిందో నేను చెప్పక్కర్లేదు. మా ఆఫీసు షట్టర్ దించేశారు. నేను ఇంట్లో కూర్చుని పొద్దంతా రద్దయిన ప్రయాణాల ఫోన్లు ఎత్తేదాన్ని. కొందరు ఏడ్చేవారు, కొందరు తిట్టేవారు. శంకరయ్య అన్న మాత్రం ఒక్కసారి ఫోన్ చేశాడు, అదీ నా క్షేమం అడగడానికి. పార్క్‌వాళ్ళు గడువు పెంచుతున్నారని, విమానం టికెట్లకు బదులు అదే కంపెనీలో మళ్ళీ వాడుకునే క్రెడిట్ ఇస్తున్నారని చెప్పాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె, పార్కు యాడికి పోతది. ఈడ మనుషులు నడిచి ఊర్లకు పోతున్నరు. వాళ్ళకింత వండి పెడుతున్నం, మీ వదినె, నేను" అన్నాడు. వెనక మగ్గాల చప్పుడు లేకపోయినా ఆయన గొంతు అంతే పెద్దగా ఉంది.

మళ్ళీ ఆయన గొంతు వినలేదు. 2021 ఏప్రిల్‌లో, సూరత్‌లో అంబులెన్స్ మోత ఆగని రోజుల్లో, ఆయన పోయాడు. సుదర్శన్ ఫోన్ స్టేటస్‌లో ఆయన ఫోటో చూసి నాకు తెలిసింది. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకుపోయారట. భార్య, కూతురు దూరం నుంచి కూడా చూడలేదట. నేను వెళ్ళలేకపోయాను. అప్పుడు ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేని పరిస్థితి.

సెప్టెంబరులో దుబాయ్ టీకా వేసుకున్న మన పర్యాటకులకు తలుపులు తెరిచింది. పార్క్‌వాళ్ళ నుంచి పాత బుకింగులన్నిటికీ ఆఖరి కబురు వచ్చింది. ఏడాది చివరిలోగా వాడుకోవాలి. అవసరమైతే ఒక్కసారి పేర్లు మార్చుకోవచ్చు. దీపావళికి సూరత్‌లో మార్కెట్లు, కార్ఖానాలు మూతపడతాయి, ఊరంతా ప్రయాణాలు పెట్టుకునేది అప్పుడే. ఆ కబురు సుదర్శన్ నంబరుకు పంపిన వారానికే అతను ఆఫీసుకు వచ్చాడు. ఒక్కడే.

"మేడమ్, మూడు పేర్లు మార్చాలె. అన్నది, వదినది, నిఖితది. వాళ్ళ జాగల మా బామ్మర్ది, ఆయన భార్య, వాళ్ళ పాప."

"భాగ్య వదినె రానన్నదా?"

"ఎట్ల వస్తది మేడమ్? అన్న పోయి ఏడాది తిరగలే. గడప దాటొద్దు గదా. నలుగురు ఏమనుకుంటరు?"

పోయింది ఈయనకు కూడా తోడబుట్టినవాడేనని నా నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. నిబంధన మాత్రం చెప్పాను. పేరు మారాలంటే ఆ టికెట్ గల మనిషి ఏజెంట్ ఎదుట సంతకం పెట్టాలి. చనిపోయినవారి టికెట్‌కు భార్య, మైనరు పిల్లల టికెట్‌కు తల్లి. అంటే మూడింటికీ భాగ్యే.

"కాగితం ఇయ్యున్రి, నేను పెట్టించుక వస్త."

"నా ముందే పెట్టాలి సుదర్శన్. ఒక్కసారి తీసుకురా."

అతను ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. బుకింగ్‌లో ఉన్న నంబరుకు నేను ఫోన్ చేశాను. అది శంకరయ్య నంబరు. ఆన్‌లైన్ క్లాసుల కోసం ఆ ఫోన్ నిఖిత దగ్గరే ఉందని అప్పుడు తెలిసింది. అమ్మకు ఇమ్మన్నాను. పేర్లు మార్చే సంగతి భాగ్యను అడిగాను. "నాకెవ్వలు చెప్పలేదక్కా" అంది.

రెండు రోజుల తర్వాత తల్లీకూతుళ్ళిద్దరూ షేర్ ఆటోలో వచ్చారు. భాగ్యను నేను చూడటం అదే మొదటిసారి. భర్త ఎంత పెద్దగా మాట్లాడేవాడో ఈమె అంత మెల్లగా మాట్లాడుతుంది. మాస్కు వెనక నుంచి మాట సరిగా వినబడక నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. ఎత్తు కొలుస్తారని నేను చెప్పిన ఆ పాప, నిఖిత, ఇప్పుడు తల్లిని మించిన ఎత్తు ఉంది.

పాస్ షరతులన్నీ ఆమెకు మొదటి నుంచీ చెప్పాను. సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో రెండూ చెప్పాను. శంకరయ్య లేడు కాబట్టి ఇప్పుడున్నది సరిగ్గా ఆరుగురు. ఆమె, నిఖిత వెళ్ళకపోతే, పేర్లు కూడా మారకపోతే, సుదర్శన్ కుటుంబానికి కూడా గేటు తెరవరు.

"అంటే మేము లేకుంటే వాళ్ళు పోలేరా?" అంది నిఖిత. "మమ్మీ, విన్నవా? సుదర్శన్ చాచా అందుకే సంతకం అడుగుతున్నడు."

"నువ్వు జర సప్పుడు చెయ్యకు" అని భాగ్య నా వైపు చూసింది. "అక్కా, నాకు దుబాయ్ మీద పాణం లేదు. నేను పోయి ఏం ఆడుత? కని ఇంట్ల ఉన్న మనిషినేనాయె, ఒక్క మాట అడిగితే ఏం పోతుండె? రోజూ నా చేతి బువ్వ తినుకుంటనే, నాకు తెల్వకుంట నా బిడ్డ పేరు కొట్టేపిస్తున్నరు."

"ఏం చేద్దామంటావు?"

ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "మా ఆయన రాయించిన పేర్లు. నా చేతితోని నేను తీసెయ్య. ఆయన టికెట్ ఎవ్వలికీ ఇయ్య, గట్లనే ఉండనీ. మేమిద్దరం పోతం."

"ఏడాది కాలేదని అంటారేమో."

"అననీ. నేను గడప దాటకుంట ఉన్నా గూడ ఏదో ఒకటి అంటనే ఉన్నరు."

మర్నాడు సుదర్శన్ ఊగిపోతూ వచ్చాడు. "మేడమ్, మీరు మా ఇంట్ల పుల్లలు పెడుతున్నరు. మీ పని టికెట్ చేసుడు, గంతే" అన్నాడు. మా యజమాని గుజరాతీ సేట్. తన కుర్చీలోంచి లేచి వచ్చి, కొనడానికొచ్చిన గ్రాహక్‌ను నారాజ్ చేయొద్దని హిందీలో నాకు మెల్లగా చెప్పాడు. నేను పార్క్‌వాళ్ళ నిబంధన తెర మీద తెరిచి ఇద్దరికీ చూపించాను. సేట్ చదివి, భుజాలు ఎగరేసి, తిరిగి వెళ్ళి కూర్చున్నాడు.

సుదర్శన్ కాసేపు లెక్కలు వేసుకున్నాడు. విమానం క్రెడిట్ కూడా ఎవరి పేరు మీద ఉన్నది వారికే చెల్లుతుంది. బామ్మర్దికి అన్నీ కొత్తగా కొనాలి. భాగ్య టీకా వేసుకుందా అని అడిగాడు. రెండు డోసులూ అయ్యాయని సర్టిఫికెట్ అప్పటికే నాకు పంపిందని చెప్పాను. ఆ దారీ లేదని తెలిశాక, "సరే తియ్యున్రి, ఆరుగురం పోతం" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆయనకు ఈ సంగతంతా చెబుతుంటే, ఒక మంచి పని జరిగిందన్న సంతోషం నాకు ఉండింది. ఆ మాట దాచను.

దీపావళి మర్నాడు వాళ్ళు బయలుదేరారు. సుదర్శన్ పెట్టిన స్టేటస్‌లో గేటు ముందు ఆరుగురి ఫోటో చూశాను. ఒక చివర భాగ్య, పక్కన నిఖిత. తర్వాతి రోజుల ఫోటోల్లో వాళ్ళిద్దరూ కనబడలేదు. భాగ్య ఫోటోలకు దూరంగా ఉండే మనిషేమో అనుకున్నాను.

వాళ్ళు తిరిగొచ్చిన కొన్నాళ్ళకు భాగ్య ఆఫీసుకు వచ్చింది. ఆ మధ్యాహ్నం వేరే ఎవరూ లేరు. టీ తెప్పించాను. ఎలా జరిగిందని అడిగితే అంతా వరుసగా చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

మొదటి రోజు గేటు దగ్గర సుదర్శన్ బాగానే మాట్లాడాడట. ఫోటో దిగారు, కార్డులు తీసుకున్నారు. లోపలికి పది అడుగులు వేశాక ఒక బెంచీ చూపించి, "వదినా, ఈడ కూసో, బ్యాగులు చూస్తుండు" అన్నాడట. ఆమె పొద్దు గూకేదాకా అక్కడే కూర్చుంది. నిఖితకు ఇద్దరు తమ్ముళ్ళను అప్పగించారు. చిన్నపిల్లల ఆటల దగ్గర పెద్దవాళ్ళు తోడుండాలి కదా, ఆ తోడు నిఖిత. సుదర్శన్, అతని భార్య రజిత పెద్ద రైడ్లన్నీ ఎక్కి వచ్చారు. రెండో రోజూ అంతే.

"మూడోనాడు మేము టిఫిన్‌కు దిగేవరకు వాళ్ళు లేరక్కా. కారు మాట్లాడుకొని పోయిన్రు. ఎనుకకు ఎప్పుడొస్తరో చెప్పలే. ఇగ మాతోని పని లేదు గదా. ఎవల కార్డు వాళ్ళకొచ్చె."

ఆ షరతు నేనే వివరించాను కాబట్టి నాకు బాగా తెలుసు. మొదటి రోజు దాటితే ఎవరికి వారు.

భాగ్య గదిలోకి వెళ్ళి పడుకుందట. నిఖితే ఊరుకోలేదు. హోటల్ కౌంటర్‌లో హిందీ మాట్లాడే అబ్బాయిని అడిగి, పార్క్‌కు హోటల్ నుంచి ఉచిత బస్సు ఉందని తెలుసుకుని, తల్లిని లేపి తీసుకెళ్ళింది. తండ్రి వీడియో తీసుకొచ్చి చూపించిన ఆ రోలర్ కోస్టర్ దగ్గరకే వెళ్ళింది. కొలిచే కర్ర కంటే చాలా ఎత్తు ఉంది కాబట్టి ఎవరూ ఆపలేదు. తల్లి కింద నిలబడింది. అందరూ కేకలు వేస్తూ తిరుగుతుంటే ఈ పిల్ల నోరు తెరవలేదట. దిగి వచ్చాక మాత్రం అక్కడే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిందట. తన బిడ్డ బాపు కోసం గట్టిగా ఏడ్వడం భాగ్య చూసింది అప్పుడేనట. చావు రోజున కూడా ఏడ్వనీయలేదు, ఇంట్లో అందరికీ జ్వరాలు.

"గప్పుడే వాళ్ళు ఎదురుంగ వచ్చిన్రు. సుదర్శన్, రజిత, పిల్లలు. పిల్లలు 'దీదీ' అని ఉరకబోయిన్రు. రజిత చెయ్యి పట్టి గుంజింది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకొని పోయిన్రక్కా. గంత పెద్ద జాగల, గన్ని వేలమందిల, మాకు తెలిసినోళ్ళు వాళ్ళొక్కరే."

"వెళ్ళకుండా ఉంటే బాగుండేదేమో వదినె" అన్నాను.

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "నేనూ గదే అనుకున్న. ఎనుకకొచ్చినంక ఆలోచన చేస్తే వేరే సంగతి సమజైంది. ఆయన పోయిన కాడికెళ్ళి ఇంట్ల గూడ నన్ను గట్లనే కూసోబెట్టిన్రు, బ్యాగుల కాడ. వంట చేసుడు, పిల్లల్ని చూసుడు. నా ఇంట్ల నేనున్న అనుకుంటున్న. గా బెంచీ మీద కూసుంటెనే గాని నాకు తెల్వలే."

ఆ రోజు ఆమె వచ్చింది నాకు ఇది చెప్పడానికి కాదు. భేస్తాన్‌లో ఎక్కడైనా గది దొరుకుతుందా, మీకు తెలిసినవాళ్ళున్నారా అని అడగడానికి. నేనూ మా ఆయనా తిరిగి ఒక గది చూసిపెట్టాం. సంక్రాంతి ముందే వాళ్ళిద్దరూ అందులోకి మారారు. చీరల మీద రాళ్ళు అంటించే పని తెచ్చుకుని భాగ్య ఇంట్లోనే చేసుకుంటోంది. ఆ జిగురు వాసనకు తల నొస్తుందని అంటుంది. కార్ఖానాలో ఆమెకు రావలసిన వాటా మీద పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. ఏదీ తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. సూరత్‌లో మనవాళ్ళలో కొందరు, ఏడాది కూడా ఆగకుండా దుబాయ్ తిరిగొచ్చిన మనిషి అనే ఆమెను గుర్తుపెట్టుకున్నారు. తోలుకుపోయిన మరిదిని ఆ మాట ఎవరూ అనలేదు.

ఇన్నేళ్ళ ఈ పనిలో నాకు గర్వం ఒక్కదాని మీదే ఉండేది. నిబంధనలు చదవగలను, చదివి చెప్పగలను, వాటితో మనిషిని గేటు దాటించగలను. భాగ్య విషయంలో దాటించాను కూడా. మళ్ళీ అదే పరిస్థితి వస్తే అదే చేస్తాను, ఎందుకంటే ఆ టికెట్ ఆమెది. కానీ గేటు లోపల ఎవరు ఎవరి పక్కన నడుస్తారన్నది నా చేతిలో లేదు. గ్రూప్ పాస్ మనుషులను ఒక్క రోజు పక్కపక్కన నిలబెడుతుంది. అంతకుమించి ఏమీ చేయలేదు. అందుకే ఇప్పుడు నేను కుటుంబాలకు గ్రూప్ పాస్ చూపించను, వాళ్ళే అడిగితే తప్ప. ఖర్చు కాస్త ఎక్కువైనా ఎవరి టికెట్ వారికి, ఎవరి నంబరుకు వారిది పంపిస్తాను. ఇంటి పెద్ద ఒక్కడే వచ్చి అందరి పేర్లూ రాయిస్తుంటే, వీళ్ళందరినీ అడిగారా అని ఒక మాట అడుగుతాను. సేట్‌కు నవ్వు. టికెట్ కొనేవాడిని పట్టుకుని ఆ ప్రశ్న ఏమిటంటాడు.

2022 వేసవిలో సుదర్శన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి బామ్మర్ది కుటుంబంతో కలిసి సింగపూర్. పాత గొడవేమీ జరగనట్టే మాట్లాడాడు. నేనూ అలాగే మాట్లాడాను. పాస్‌లు వివరించాను, పేర్లు ఒక్కొక్కటే రాసుకున్నాను. చివర్లో అలవాటు ప్రకారం ఆ ప్రశ్న వేశాను.

అతనికి అది విచిత్రంగా తోచింది. "అడిగేదేముంది మేడమ్" అన్నాడు నవ్వుతూ, "ఇంట్లోళ్ళే గదా."